రంపం నా దగ్గరున్న రోజు

"దొంగిలింపకుము" అన్న ఆజ్ఞ మా కతోలికుల వరసలో ఏడోది. మా ఊళ్ళో క్రైస్తవుల్లో ఎక్కువమంది బాప్టిస్టులు, వాళ్ళ వరసలో అది ఎనిమిదోది. ఈ ఒక్క అంకె మీద వాళ్ళ పాస్టరుగారూ నేనూ పూండి స్టేషన్లో రైలు కోసం కూర్చుని చాలాసార్లు వాదించుకున్నాం. చివరికి ఆయనే నవ్వేసి, "ఏడో ఎనిమిదో, దొంగతనం మానీడం ముఖ్యం గదా మాస్టారూ" అనేవారు. నేనూ నవ్వేవాణ్ణి. దొంగతనం నాకు సంబంధించిన సంగతి కాదన్న ధీమా అప్పట్లో ఉండేది.

ముప్ఫై ఏళ్ళ పైన ఉపదేశిగా పనిచేశాను. మొదట టెక్కలి వైపు, తర్వాత సొంత గడ్డ ఉద్దానంలో. ఒక్క గురువుగారికి, అంటే ఫాదర్‌గారికి, పది ఊళ్ళుంటాయి. ఆయన రాలేని ఆదివారాల్లో ప్రార్థన జరిపించేది, పిల్లలకు సత్యోపదేశం చెప్పేది, రోగుల్ని చూసొచ్చేది, అవసరమైతే సమాధి దగ్గర నాలుగు మాటలు చదివేది ఉపదేశే. ఈ పనిలోకి కొత్తగా వచ్చిన మీరు నన్ను అడిగారు, అనుభవంలోంచి ఏదైనా రాయమని. మంచి జరిగిన రోజులు చాలా ఉన్నాయి, వాటిని ఇంకెవరైనా రాస్తారు. నేను ఒక్క పూట గురించి రాస్తాను.

ఏడవ ఆజ్ఞ పాఠం బాగా చెబుతానని నాకు మా విచారణ అంతటా, అంటే మా ఫాదర్‌గారి కిందున్న ఊళ్ళన్నిటా, పేరుండేది. పక్క ఊళ్ళ ఉపదేశులు కూడా వచ్చి వినేవారు. దొంగతనమంటే గోడ దూకడం ఒక్కటే కాదని మొదలుపెట్టేవాణ్ణి. భూమి, నీరు, చెట్టు, చేప, వీటిని దేవుడు మనుషులందరి కోసం చేశాడు. ఇది నాది అని చెప్పుకునే హక్కు మనిషికి ఉంది, శ్రీసభ, అంటే మా కతోలిక సంఘం, దాన్ని కాదనదు. నీ కష్టంతో సంపాదించుకున్నది నీ ఇంటిని నిలబెడుతుంది, నీ పిల్లల్ని సాకుతుంది. కాని ఆ హక్కుకి ఒక హద్దుంది. నీ అవసరానికి మించి నీ దగ్గర ఉన్నది, అవసరంలో ఉన్నవాడిది. అది వాడికిస్తే నువ్వు దయ చూపినట్టు కాదు, వాడిది వాడికి అప్పగించినట్టు. అట్టేపెట్టుకుంటే దొంగిలించినట్టు. ఇక్కడికి వచ్చేసరికి గొంతు కొంచెం పెంచేవాణ్ణి. పెద్దవాళ్ళు కూడా తలలూపేవారు.

ఈ పాఠం వినేవాళ్ళలో మా మతం కానివాడు ఒకడుండేవాడు. సముద్రం ఒడ్డు పల్లెలో బెస్తవాడు. చిన్నప్పుడు ఒకే బళ్ళో చదివాం, నన్ను బావా అనేవాడు. కిడ్నీలు పాడయ్యాక వేట మానేశాడు. మా ఉద్దానంలో ఆ జబ్బు సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు, ప్రతి వీధిలో ఒక ఇల్లు ఉంటుంది. వారానికి రెండుసార్లు ఆటోలో పలాస వెళ్ళి డయాలసిస్ చేయించుకుని వచ్చేవాడు. ఓపిక ఉన్న రోజున నడుచుకుంటూ మా గుడి దాకా వచ్చి, వరండాలో స్తంభానికి ఆనుకుని కూర్చునేవాడు. తరగతి అయ్యాక ఇద్దరం కబుర్లు చెప్పుకునేవాళ్ళం.

ఒకరోజు పాఠం అయిపోయాక అడిగాడు.

"అయితే బావా, నీ తోటలో పనసకాయలు నాయీ కూడానా?"

"నా అవసరానికి మించినయి నీవే" అన్నాను.

"నీ అవసరం ఎంతో నాకెలాగ తెలుత్తాది? నువ్వే సెప్పాల గదా."

"అవును, నేనే చెప్పాలి."

"అదే సిక్కు" అన్నాడు. ఆ తర్వాత ఆయాసంగా నవ్వాడు. నేనూ నవ్వి, లోపలికి వెళ్ళి అతనికి మంచినీళ్ళు తెచ్చిచ్చాను. అతనికి రోజుకి తాగవలసిన నీళ్ళకి కొలత ఉండేది. రెండు గుక్కలు తాగి గ్లాసు నాకే ఇచ్చేశాడు.

ఇక రంపం సంగతి. అంతకుముందు వచ్చిన ఒక గాలివాన తర్వాత, రోడ్ల మీద పడ్డ చెట్లు తొలగించడానికని మా విచారణకు పెట్రోలుతో నడిచే మర రంపం ఒకటి వచ్చింది. చుట్టుపక్కల ఊళ్ళకి అదొక్కటే. ఎవరో దాత ఇచ్చాడు, ఎవరికి కావాలంటే వాళ్ళకి వాడమన్నాడు. ఫాదర్‌గారు దాన్ని నా చేతికిచ్చారు. నాకు మిషన్ల మీద ఇష్టం. పళ్ళు పదును పెట్టడం, గొలుసు బిగించడం, పెట్రోలులో ఆయిలు ఎంత కలపాలో చూసుకోవడం శ్రద్ధగా నేర్చుకున్నాను. మొదట్లో గుడి కొట్లో ఉండేది. కొట్టు కప్పు కారుతోందని మా ఇంటికి తెచ్చాను. తర్వాత కప్పు బాగుచేయించాం గాని రంపం మా ఇంట్లోనే ఉండిపోయింది. ఎండిపోయిన జీడి కొమ్మలు కొట్టుకోవడానికి నేనొకటి రెండుసార్లు వాడుకున్నాను కూడా. ఎవరూ తప్పు పట్టలేదు. చూసుకునేవాడు ఆ మాత్రం వాడుకోడా అన్నట్టే ఉండేది.

ఆ యేడు తుపాను మీకు గుర్తుండే ఉంటుంది. తెల్లారేసరికి గాలి తగ్గింది. బయటికొచ్చి చూస్తే ఆకాశం ఎక్కువగా కనబడింది. కొబ్బరిచెట్లు అన్నీ ఒకే వైపుకి పడున్నాయి. తాతల నాటి జీడిమామిళ్ళు వేళ్ళతో సహా లేచిపోయాయి. కరెంటు లేదు, ఫోన్లు లేవు. ఫాదర్‌గారు శ్రీకాకుళంలో ఉండిపోయారు. గుడి రేకులు ఎగిరిపోయాయి.

మాకొక తోట ఉంది, మా ఆవిడకి పుట్టింటివాళ్ళు ఇచ్చింది. మా ఊరికీ బెస్తపల్లెకీ మధ్యలో ఉంటుంది. తోటలో చిన్న షెడ్డు, అందులో ఎండు కొబ్బరి, నీళ్ళ మోటారు. మా పెద్ద పనసచెట్టు సరిగ్గా ఆ షెడ్డు మీద పడింది. మళ్ళీ వాన పడేలా ఉంది. నేను రంపం, దాని పెట్రోలు డబ్బా తీసుకుని తోటకి వెళ్ళాను. మా ఆవిడ వెనకాలే వచ్చింది. రంపంలో పెట్రోలు నిండుగా ఉంది, డబ్బాలో ఇంకో సగం ఉంది. అంతకు మించి చుక్క పెట్రోలు ఆ రోజు ఎక్కడా దొరకదని నాకు తెలుసు.

రంపం ఇంకా మొదలుపెట్టకముందే నా బెస్త స్నేహితుడి భార్య వచ్చింది. పడిపోయిన చెట్ల మీంచి ఎక్కి దిగి వచ్చినట్టుంది, కాళ్ళు గీరుకుపోయి రక్తం కారుతోంది, చీర మోకాళ్ళ దాకా బురద. ఆవిడ చేపల గంపతో ఊరూరా తిరిగే మనిషి, నడక అలవాటే. అయినా వగరుస్తోంది.

"అన్నయ్యా, ఆయనకి నిన్న పలాస ఎల్లాల. గాలని ఆటోలు కట్టలేదు. రేత్తిరికాడ నుంచి పడుకోలేకపోతన్నాడు. ఒల్లంతా ఉబ్బిపోనాది, ఆయాసం. మా పల్లె కాడ నుంచి మీ ఊరి దాకా రోడ్డంతా సెట్లే. మావోలు గొడ్డళ్ళతో కొడతన్నారు గాని అయ్యీలాగ లేదు. రంపం మిషన్ మీకాడుంది గదా."

నేను షెడ్డు వైపు చూశాను. ఆవిడా చూసింది.

"మజ్జానానికి వచ్చీత్తానమ్మా" అన్నాను. "ఇది కొంచెం తీసీసి వచ్చీత్తాను. మిషన్ కూడా ఓసారి సూసుకోవాల."

మిషన్‌లో చూసుకోవలసింది ఏమీ లేదు.

ఆవిడ విరిగిన షెడ్డుని ఇంకోసారి చూసి, "మీకూ కష్టమే వచ్చినాది అన్నయ్యా" అంది. అని వచ్చిన దారినే వెనక్కి వెళ్ళింది. నన్ను ఒక్క మాట కూడా ఒత్తిడి చెయ్యలేదు. ఒత్తిడి చేసి ఉంటే వెళ్ళేవాణ్ణేమో అని తర్వాత చాలాసార్లు అనుకున్నాను. తప్పు ఎదుటివాళ్ళ మీదకి కొంచెమైనా జరపడానికి మనసు ఎన్ని దారులు వెతుకుతుందో చూడండి.

ఆవిడ వెళ్ళాక మా ఆవిడ అంది, "ముందల ఆళ్ళకి కొయ్యండి. కొబ్బరిదేటుంది, తడిస్తే ఎండబెట్టుకుందాం."

"ఒక్క గంట పనే. మోటారు తడిస్తే ఏటి సేత్తాం" అన్నాను.

ఆ గంట గురించి నాకు ఇప్పటికీ పెద్ద బాధ లేదు. షెడ్డు మీద కొమ్మలు కోసి, మోటారు బయటికి లాగి, కొబ్బరి బస్తాలు మా ఇంటికి చేర్పించాను. అది అవసరమేనని వాదించవచ్చు. అక్కడితో ఆపి ఉంటే ఈ రాత ఉండేది కాదు. నేను ఆపలేదు. పనస మాను కింద పడుంది. ముప్ఫై నలభై ఏళ్ళ మాను, లోపల పసుపు పచ్చగా, మంచి చేవ. మా ఇంటి వీధిగుమ్మం చెదలు పట్టి రెండేళ్ళయింది. ఈ మాను ఇలా వదిలేస్తే రేపు ఎవడో వచ్చి ముక్కలు చేసి పట్టుకుపోతాడనిపించింది. చేతిలో రంపం నడుస్తోంది, చెయ్యి అలవాటులో పడింది. తాడు తెచ్చి గుమ్మం ఎత్తు కొలిచి, ఆ కొలతకి మానుని కోశాను. ద్వారబంధానికి రెండు నిలువులు, పైన అడ్డం, కింద గడప. తర్వాత కిటికీలకి కూడా వస్తుందని మరికొంత. వంకర రాకుండా నెమ్మదిగా కోశాను. డబ్బాలో పెట్రోలు రంపంలో పోసింది ఆ కోతలోనే. మా ఆవిడ ఎప్పుడు వెళ్ళిపోయిందో నేను చూసుకోలేదు.

మొదటి గంట నాది. తర్వాతి రెండు గంటలు అతనివి.

నీడ కాళ్ళ కిందికి వచ్చాక రోడ్డు మీదకి వెళ్ళాను. మా ఊరివాళ్ళు ఐదారుగురు కత్తులు పట్టుకుని నాతో వచ్చారు. పని జోరుగా సాగింది. కొబ్బరి మానులు టకటకా తెగుతున్నాయి, మావాళ్ళు పక్కకి దొర్లిస్తున్నారు. ఎవరో అన్నారు, "మాస్టారు లేకపోతే ఈ ఊరికి దిక్కెవరు" అని. అటువైపు నుంచి పల్లెవాళ్ళు గొడ్డళ్ళతో కొట్టుకుంటూ వస్తున్నారని మాటలు వినబడుతున్నాయి. మధ్యలో ఇంకా పదో పన్నెండో చెట్లు ఉండగా రంపం రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

మూత తీసి చూశాను, చూడక్కర్లేకపోయినా. అందరూ నా చుట్టూ చేరారు. "పెట్రోలు అయిపోనాది" అన్నాను. "అయ్యో" అన్నారు. ఎంతుండేది, ఎక్కడ ఖర్చయింది అని ఒక్కడు అడగలేదు.

పల్లెవాళ్ళు ఇక ఆగలేక అతన్ని మంచం మీద మోసుకొచ్చేస్తున్నారు. చెట్టు అడ్డం వచ్చిన చోటల్లా నలుగురు మానుకి ఇవతల నిలబడి, అవతలివాళ్ళు ఎత్తి ఇస్తే అందుకుంటున్నారు. నేను పరిగెత్తుకెళ్ళి మంచం కోడు ఒకటి పట్టుకున్నాను. అతను పడుకోలేడు, వెనక ఇద్దరు ఆనించి కూర్చోబెట్టారు. ఉతికిన తెల్ల చొక్కా వేసుకుని ఉన్నాడు. మొహం ఉబ్బి కళ్ళు సన్నగా అయిపోయాయి. నన్ను చూశాడు.

"వచ్చినావా బావా" అన్నాడు.

అంతే. ఇంకో మాట అనడానికి ఊపిరి లేదు. మా ఊళ్ళోంచి పూండి వెళ్ళే దారి అప్పటికే చాలావరకు తీశారు, ఒకరి ఆటో గుడి దగ్గర సిద్ధంగా ఉంది. గుడి కనబడుతోంది. ఇంకా నాలుగు చెట్లు దాటాలి. మూడోది దాటిస్తుంటే అతని తల పక్కకి వాలింది. వెనక పట్టుకున్నవాడు "ఆపండి, ఆపండి" అన్నాడు. మంచం దింపాం. అతని భార్య వచ్చి మొహం రెండు చేతుల్లోకి తీసుకుని చూసింది. కొంగుతో నోటి పక్కన తుడిచింది. చాలాసేపు ఏడవలేదు. తర్వాత అందరూ ఏడ్చారు. మంచం వెనక్కి తిప్పారు. వచ్చేటప్పుడు దాటించిన చెట్లన్నీ మళ్ళీ దాటించుకుంటూ పల్లెకి తీసుకువెళ్ళారు. నేనూ పల్లె దాకా కోడు మోశాను.

మూడో రోజున ఫాదర్‌గారు సగం దూరం బండి మీద, సగం నడిచి వచ్చారు. ఆయనది గుంటూరు వైపు. మంచివారు. ఊళ్ళోవాళ్ళు ఆయనకి జరిగింది చెప్పారు, తాము చూసినంత. ఆదివారం కప్పులేని గుడిలో పూజ చేశారు. ప్రసంగంలో, సృష్టి వస్తువులు అందరివీ అని శ్రీసభ చెప్పే మాటకి అర్థం ఈ వారం మన రోడ్డు మీద కనబడిందన్నారు. తన ఇంటి షెడ్డు కూలిపోయినా విచారణ రంపం భుజాన వేసుకుని, మన మతం కాని మనిషి కోసం, పెట్రోలు ఆఖరి చుక్క వరకు చెట్లు కోసిన ఉపదేశిని చూసి నేర్చుకోండన్నారు. నన్ను లేచి నిలబడమన్నారు. నిలబడ్డాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఆడవాళ్ళ వైపు మా ఆవిడ తల వంచుకుని జపమాల తిప్పుతోంది.

ఆ ఆదివారం నోరు విప్పడానికి నాకు చాలా సమయం ఉంది. పూజ అయ్యాక వస్త్రాలు మడతపెడుతూ ఫాదర్‌గారూ నేనూ ఇద్దరమే ఉన్నాం. చెప్పలేదు.

తర్వాత టార్పాలిన్లు వచ్చాయి, బియ్యం వచ్చాయి, దుప్పట్లు వచ్చాయి. పంచేది ఎవరు? మాస్టారైతే పక్షపాతం ఉండదన్నారు. బాప్టిస్టు పాస్టరుగారు కూడా తమవాళ్ళకి వచ్చిన సామాను నా చేతే పంచించారు. ఎవరి అవసరం ఎంతో నేనే నిర్ణయించాలి. ఇంటింటికీ వెళ్ళి చూసి, వీళ్ళకి రెండు, వాళ్ళకి ఒకటి అని చెబుతుంటే నా గొంతు నాకే వేరేవాళ్ళ గొంతులా వినబడేది. పల్లెకి మాత్రం నేను వెళ్ళలేదు. అక్కడికి సామాను వేరేవాళ్ళ చేత పంపాను.

వైద్య శిబిరానికి వచ్చిన ఒక కుర్ర డాక్టరుని పక్కకి పిలిచి అడిగాను. అలాంటి రోగి మూడు గంటలు ముందు బయలుదేరి ఉంటే బతికేవాడా అని. ఎవరికో జరిగిందన్నట్టు అడిగాను. "చెప్పలేమండి. బతికేవాడేమో, దారిలోనే పోయేవాడేమో. అంత ఆలస్యమయ్యాక తేడా వచ్చేదో రాదో" అన్నాడు. ఆ మాటలో "రాదో" అన్న ముక్కని పట్టుకుని నెలరోజులు గడిపాను.

ఈస్టరుకి ముందు వచ్చే తపస్సు కాలం వచ్చింది. ఆ నలభై రోజుల్లో పది ఆజ్ఞలూ వరసగా చెప్పడం మాకు అలవాటు. ఏడో ఆజ్ఞ వంతు వచ్చిన రోజు తరగతిలో బోర్డు మీద దాన్ని రాశాను. పిల్లలు నోట్సుల్లో ఎక్కించుకున్నారు. నాకు ఆ పాఠం కంఠతా వచ్చు. మొదటి వాక్యం కూడా రాలేదు. సుద్దముక్క పట్టుకుని నిలబడ్డాను. కాసేపటికి పిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకోవడం మొదలుపెట్టారు. జపమాల చెప్పించి పంపేశాను.

ఆ సాయంత్రమే ఫాదర్‌గారి దగ్గర మోకరించి పాపసంకీర్తనం చేశాను, చేసిన తప్పు ఒప్పుకున్నాను. పనస మాను, తాడు కొలత, కిటికీలకి కోసింది కూడా చెప్పాను. ఆయన మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. క్షమాపణ ఇచ్చాక అన్నారు, "ఈ ఆజ్ఞ విషయంలో పశ్చాత్తాపం ఒక్కటే సరిపోదని నువ్వే పాఠం చెబుతావు. తీసుకున్నది తిరిగివ్వాలి."

"ఏం తిరిగివ్వను ఫాదర్? గంటలు ఎలా తిరిగివ్వను?"

"నాకూ తెలియదు. ఆమెనే అడుగు" అన్నారు.

నేను ఆమె దగ్గరికి వెళ్ళలేదు. అంతకంటే తేలికైనది చేశాను. ఆ ఆదివారం పూజ అయ్యాక గుడిలో అందరి ముందూ లేచి నిలబడి చెప్పాను. నన్ను మెచ్చుకున్న చోటనే చెప్పడం న్యాయమనిపించింది. కళ్ళనీళ్ళు వచ్చాయి. అయిపోయాక జనం నా చుట్టూ చేరి ఓదార్చారు. "తుపాను నాడు ఎవుడి ఇల్లు ఆడికి ముందు కాదేటి మాస్టారూ" అన్నారు. "ఇది సెప్పీడానికి ఎంత గుండె కావాల" అన్నారు. వచ్చినప్పటికంటే గౌరవంగా ఇంటికి వెళ్ళాను. ఫాదర్‌గారు గుమ్మంలో ఆపి నెమ్మదిగా అన్నారు, "నాకు చెప్పావు, వీళ్ళకి చెప్పావు. వీళ్ళ దగ్గర నువ్వేం తీసుకోలేదు కదయ్యా."

మర్నాడు పల్లెకి వెళ్ళాను.

ఆవిడ వాకిట్లో చేపలు ఆరబెడుతోంది. ఇంటి మీద మేము పంపిన టార్పాలిన్ ఉంది. వాకిట్లో సగం దూరం అడ్డంగా తుపాను నాటి కొబ్బరి మాను ఇంకా అలాగే పడి ఉంది. నన్ను చూసి, "రా అన్నయ్యా, కూకో" అని పీట వేసింది. కూర్చోకుండానే చెప్పాను. ఆ ఉదయం మిషన్‌లో చూసుకోవలసింది ఏమీ లేదని, పెట్రోలు ఉందని, దాంతో నా గుమ్మానికి కర్ర కోసుకున్నానని చెప్పాను.

ఆవిడ చేపలు తిరగేస్తూనే ఉంది.

"నాకు తెలుసు అన్నయ్యా" అంది.

ఇంకో వరస చేపలు తిరగేస్తూ చెప్పింది.

"ఆవేళ కరెంటు లేదు, మోటార్లు లేవు, కాకైనా అరవలేదు. నీ రంపం సప్పుడొక్కటే. ఆయన మంచం మీద కూకోని ఇన్నాడు. 'బావ బయలెల్లినాడే, సప్పుడు ఇనబడతంది' అన్నాడు. సొక్కా తొడగమన్నాడు, పలాస ఎల్లాల గదా అని. కాసేపు పోనాక, 'దగ్గరికొచ్చీసినాడు' అన్నాడు. సప్పుడు దగ్గరికి రాలేదు. ఉన్నకాడే ఉంది. నాకు తెలుత్తంది, ఆయనకీ తెలుత్తంది. అయినా అలాగే అన్నాడు. నాను బెంగెట్టుకుంతానని అన్నాడో, నిజంగానే అనుకున్నాడో. మరి నాను అడగలేదు."

సముద్రం వైపు నుంచి గాలి వీస్తోంది. చేపల మీదకి కాకులు వస్తుంటే ఆవిడ చెయ్యి విసిరి తోలింది. నేను పీట మీద కూర్చున్నాను. ఆవిడ నన్ను ఓదార్చలేదు, తిట్టలేదు. నేనే అడిగాను.

"కోసిన కర్ర ఉంది. మీ ఇంటికి వాడుకుంటారా?"

"ఆ కర్ర నాకొద్దు."

"మరి నేనేటి సెయ్యాలమ్మా?"

ఆవిడ వాకిట్లో పడున్న మాను వైపు చూసింది. "మావోలందరూ దూరం వేటకి పోనారు. ఇది తీసీవోడు లేడు. దీని మీంచి దాటి దాటి నా మోకాళ్ళు పోనాయి. ఇది తియ్యి."

"రేపు రంపం తెస్తాను" అన్నాను.

"ఆ సప్పుడు నాను ఇనలేను" అంది.

గొడ్డలితో కొట్టాను. కొబ్బరి మాను గొడ్డలికి అంత సులువుగా లొంగదు, పీచు. నాకప్పటికి అరవైకి దగ్గర. మొదటి రోజు ఒక్క గాటు పూర్తిగా దిగలేదు, అరచేతులు బొబ్బలెక్కి చితికాయి. పల్లెలో మిగిలిన ముసలివాళ్ళు వచ్చి చూసి పోయేవారు. ఒకరిద్దరు సాయం చెయ్యబోతే ఆవిడ వద్దంది. మధ్యాహ్నం గంజి పోసి, పక్కన ఎండుచేప పెట్టింది. తినేటంతసేపూ ఎదురుగా కూర్చుంది. రెండో రోజూ అంతే. మూడో రోజు పొద్దు వాలేవేళకి ఆఖరి ముక్క గోడ వారకి దొర్లించాను. వాకిలి ఖాళీ అయింది. ఆవిడ చీపురు తెచ్చి చెక్కపేళ్ళన్నీ ఊడ్చి, నీళ్ళు చల్లి, ఇంట్లోంచి వీధిలోకి ఒకసారి నేరుగా నడిచి చూసుకుంది.

నేను గొడ్డలి కడిగి భుజాన వేసుకున్నాను. "ఎల్లొస్తానమ్మా" అన్నాను.

"రేపు కూడా రా అన్నయ్యా" అంది. "ఈ ముక్కలు ఇలాగుంటే పొయ్యిలోకి రావు. సీల్చాల."

మర్నాడు కూడా వెళ్ళాను.